ఖాళీ అయిన చోటు

కవి చనిపోతే అతని కవిత్వం అక్కడితో ఆగిపోతుంది. అచ్చుకాని రాతప్రతులు ఏవైనా వుంటే మిత్రులు వెలికితీస్తారు. అంతేగాని అతను రాయబోయిన తరవాతి పద్యాన్ని మరొకరు రాయరు. నలుగురు ఒకచోట కూర్చుని, ఎవరి వాటా ఎంతో వాళ్ళకే సరిగ్గా తెలియని పద్ధతిలో ఒకే పాటను తయారు చేస్తున్నప్పుడు, అందులో ఒకరు పోతే ఏమవుతుంది? మిగిలిన ముగ్గురు చేసేది పాత కళకు కొనసాగింపా, పాత పేరు తగిలించుకున్న కొత్త కళా? అసలు ఆ పేరు ఎవరిది?

కళలో వ్యక్తి ప్రతిభ ఎంత, సమష్టి కృషి ఎంత అని మనం చాలాకాలంగా చర్చించుకుంటున్నాం. ఆ చర్చ తరచూ ఊహల మీద నడుస్తుంది. రచనలో ఆ రెండింటినీ విడదీసి చూసే అవకాశం రాదు గనక అది అట్లా నడవక తప్పదు. పాశ్చాత్య రాక్ సంగీతంలో మాత్రం ఆ అవకాశం మళ్ళీ మళ్ళీ వచ్చింది. మరణమో, జబ్బో, తగాదానో బృందంలోంచి ఒక మనిషిని తీసేసింది. ముందు చేసిన పాటలూ తరవాత చేసిన పాటలూ తేదీలతో సహా రికార్డులుగా మిగిలాయి. రెండింటినీ పక్కపక్కన పెట్టి వినవచ్చు.

బ్యాండు అనగానే మనకు పెళ్ళి ఊరేగింపులో వాయించే మేళం గుర్తుకొస్తుంది, లేదా సినిమా పాట వెనకాల వాయించే వాద్యబృందం. ఆ రెండు చోట్లా వరస ఇంకెవరో కట్టినది. వాయించేవాడు మారినా వరస మారదు. రాక్ బృందం అట్లాంటిది కాదు. సాధారణంగా నలుగురైదుగురు వుంటారు. ఒకరు పాడతారు, ఒకరు గిటారు, ఒకరు బేస్ గిటారు, ఒకరు డ్రమ్ములు. వేరే సంగీత దర్శకుడు వుండడు. చాలా సందర్భాలలో స్వరం కాగితం మీద వుండదు. గదిలో వాయిస్తూ వాయిస్తూ పాట కడతారు. మన బుర్రకథ దళం దీనికి కొంత దగ్గర. అందులో హాస్యపు వంతను తీసేస్తే పోయేది హాస్యం ఒక్కటే కాదు. కథకుడు ఊపిరి తీసుకునే వ్యవధి పోతుంది, కథ నడకే మారిపోతుంది. అయితే బుర్రకథకు కథ ముందే వుంటుంది. రాక్ బృందానికి అదీ వుండదు.

ఇంకొక సంగతి, డబ్బుకు సంబంధించినది, ఇక్కడే చెప్పుకోవాలి. రికార్డు మీద పాటకు కర్తగా ఎవరి పేరు వేస్తారో వాళ్ళకు కర్త హక్కు కింద విడిగా సొమ్ము ముడుతుంది. డ్రమ్ములు వాయించేవాడు పాట నడకనంతా మార్చివేసినా, కర్తగా అతని పేరు వేయకపోతే ఆ సొమ్ములో వాటా లేదు. ఎవరి పేరు వేయాలన్నది చాలావరకు బృందం తనలో తాను తేల్చుకునే వ్యవహారం. మనిషి పోయినప్పుడు బృందం ఏమవుతుందన్నది తరచూ ఈ లెక్కమీద ఆధారపడింది.

పింక్ ఫ్లాయిడ్ తో మొదలుపెడదాం. 1965లో లండన్ లో ఏర్పడిన బృందం. సిడ్ బారెట్, రోజర్ వాటర్స్, రిచర్డ్ రైట్, నిక్ మేసన్. 1967లో వచ్చిన మొదటి ఆల్బంలో పదకొండు పాటలుంటే ఎనిమిది బారెట్ ఒక్కడే రాశాడు, మరి రెండింటిలో అతనికి భాగం వుంది. బృందానికి పేరు పెట్టిందీ అతనే. అంటే వ్యక్తి ప్రతిభ సిద్ధాంతానికి ఇంతకన్న మంచి ఉదాహరణ దొరకదు. ఆ ఏడాది చివరికి బారెట్ మానసిక ఆరోగ్యం పూర్తిగా చెడిపోయింది. ఎల్ ఎస్ డి వాడకం అందుకు కొంత కారణమని సహచరులు చెప్పారు. వేదిక మీద గిటారు మెడకు తగిలించుకుని వాయించకుండా నిలబడిపోయేవాడు. అతనికి తోడుగా అతని పాత స్నేహితుడు డేవిడ్ గిల్మోర్ ని చేర్చుకున్నారు. కొద్దిరోజులు అయిదుగురు. 1968 జనవరిలో ఒకరోజు సౌతాంప్టన్ లో ప్రదర్శనకు బండిలో బయలుదేరారు. దారిలో బారెట్ ని ఎక్కించుకోవాలి. ఎక్కించుకోవాలా అని ఒకరన్నారు, అక్కర్లేదన్నారు ఇంకొకరు. తీర్మానం అంటూ ఏమీ లేదు. బండి అతని ఇంటికి పోలేదు, అంతే.

ఈ ఘట్టాన్ని రాక్ చరిత్రకారులు కొంచెం నవ్వుతూ చెబుతారు. నాకు నవ్వు రాదు. సమష్టి కృషి గురించి మాట్లాడేటప్పుడు మనం సమష్టిని ఎప్పుడూ మంచి పక్షానే నిలబెడతాం. పని సాగడం కోసం జబ్బుమనిషిని దారిలో వదిలేసే శక్తి కూడా సమష్టికే వుందన్న సంగతి మరిచిపోతాం. అట్లాగని బారెట్ ని ఎక్కించుకుని పోతే అతనికి మేలు జరిగేదా అంటే అదీ చెప్పలేం. వేదిక అతనికి హాని చేస్తూనే వుంది.

అప్పుడు బృందానికి ఇద్దరు నిర్వాహకులుండేవారు, పీటర్ జెనర్, ఆండ్రూ కింగ్. నలుగురు కళాకారులూ ఈ ఇద్దరూ కలిసి ఆరుగురు సమాన భాగస్వాములు. చీలిక వచ్చినప్పుడు నిర్వాహకులు బారెట్ పక్షానికి వెళ్ళిపోయారు. పాటలు రాసేవాడు అతనే గనక భవిష్యత్తు అతనిదే అనుకున్నారు. ఆ అంచనా తప్పిందని ఇప్పుడు అనడం తేలిక. 1968లో వాళ్ళ చేతుల్లో వున్న సాక్ష్యాన్ని బట్టి చూస్తే అది తెలివైన అంచనాయే. ఏ విమర్శకుడైనా అదే చేసి వుండేవాడు.

మిగిలినవాళ్ళు మొదట చేసింది అనుకరణ. బారెట్ పాటలు చిన్నవి. పిల్లల కథల్లోని మరుగుజ్జులు, సైకిలు, పిల్లి, దిష్టిబొమ్మ, ఇవీ అతని వస్తువులు. అదే ధోరణిలో 1968లో రెండు సింగిల్ రికార్డులు విడుదల చేశారు. రెండూ పోయాయి. ఆ తరవాత బ్రిటన్ లో పింక్ ఫ్లాయిడ్ 1979 దాకా సింగిల్ అన్నదే తీసుకురాలేదు. పదకొండేళ్ళు! చిన్న పాట రాసేవాడు పోయాడు గనక చిన్న పాటనే వదిలేశారు. మరి వాళ్ళ దగ్గర వున్నదేమిటి? వాటర్స్, మేసన్, రైట్ ముగ్గురూ లండన్ లో ఒక పాలిటెక్నిక్ లో వాస్తుశిల్పం చదవడానికి చేరినవాళ్ళు. రెండవ ఆల్బంలో పన్నెండు నిమిషాల వాద్య రచన ఒకటుంది. దాన్ని వాటర్స్, మేసన్ స్వరాలుగా గాక కాగితం మీద ఇంటి నక్షాలాగా గీసి, ఆ గీతల ప్రకారం కట్టారు. పాట రాయడం రాని వాళ్ళు భవనం కట్టారు. 1971లో రికార్డు ఒక వైపంతా, ఇరవై మూడు నిమిషాలు, ఒకే రచన చేశారు. 1973 నాటి 'ద డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్' ఈ దారి వెంట వచ్చినదే.

రూపం మారిన తీరు ఇది. వస్తువు మారిన తీరు ఇంకా ఆశ్చర్యంగా వుంటుంది. 1973 ఆల్బంలో వస్తువులు కాలం, డబ్బు, మతి తప్పడం. 1975 ఆల్బం చాలా భాగం నేరుగా బారెట్ గురించే. ముందు ఆరేడేళ్ళు అతని లోటును కప్పిపుచ్చడానికి ప్రయత్నించినవాళ్ళు, చివరికి ఆ లోటునే వస్తువుగా తీసుకున్నారు. 1975 జూన్ 5న ఆ ఆల్బం పని జరుగుతున్న స్టూడియోకు లావుగా, గుండూ కనుబొమలూ గీసుకున్న మనిషి ఒకడు వచ్చి కూర్చున్నాడు. చాలాసేపటిదాకా ఎవరూ గుర్తుపట్టలేదు. బారెట్! ఎవరి గురించి పాట కడుతున్నారో ఆ మనిషి. ఇది అందమైన ఘట్టమని చాలామంది రాశారు. పాటలోని మనిషికీ కుర్చీలోని మనిషికీ మధ్య ఎంత దూరం పెరిగిందో చూడండి. ఆ దూరం లేకపోతే పాట వచ్చేదా? ఈ ప్రశ్న ఆత్మీయుల మీద ఎలిజీలు రాసే ప్రతి కవికీ వర్తిస్తుంది.

రెండవ ఉదాహరణ దీనికి పూర్తిగా వ్యతిరేకమైన చోట మొదలవుతుంది. మూతపడుతున్న మిల్లుల ప్రాంతం, ఇంగ్లండులో మాంచెస్టర్. 1976లో సెక్స్ పిస్టల్స్ అనే బృందం అక్కడ ఇచ్చిన ప్రదర్శన చూసి, మనమూ చేయవచ్చు అనుకున్న కుర్రాళ్ళలో బెర్నార్డ్ సమ్నర్, పీటర్ హుక్ వున్నారు. డ్రమ్ములకు స్టీఫెన్ మారిస్. పాటకు ఇయన్ కర్టిస్. కర్టిస్ మేకిల్స్ ఫీల్డ్ లోని ఉద్యోగ కల్పనా కార్యాలయంలో వికలాంగులకు పనులు చూపించే గుమాస్తా. బృందం పేరు జాయ్ డివిజన్. ఈ పేరు నాజీ శిబిరాలలో స్త్రీల మీద జరిగిన అత్యాచారాలకు సంబంధించిన ఒక నవల నుంచి తీసుకున్నది. తమకు ఆ రాజకీయాలతో సంబంధం లేదని వాళ్ళు చెప్పుకున్నారు. నిజమే కావచ్చు, కాని అంతటి బాధను అలంకారంగా వాడుకోవడం బాధ్యతారహితమైన పని, దాన్ని నేను సమర్థించబోవడం లేదు.

కర్టిస్ కు 1978 చివర మూర్ఛరోగం బయటపడింది. వేదిక మీద అతను చేసే నృత్యం మూర్ఛ వచ్చినట్లే వుండేది. ఏది నృత్యమో ఏది మూర్ఛో చూసేవాళ్ళకు తెలిసేది కాదు. 1980 మే 18న, బృందం అమెరికా ప్రయాణం కావలసిన ముందురోజు, కర్టిస్ ఆత్మహత్య చేసుకున్నాడు. ఇరవై మూడేళ్ళు. రెండవ ఆల్బం అప్పటికే పూర్తయింది, జులైలో వచ్చింది. అందులోని మాటలు ఎవరైనా శ్రద్ధగా చదివి వుంటే ఆ మనిషి స్థితి తెలిసేదే. అతని సహచరులు తరవాత ఒప్పుకున్నారు: మేమెప్పుడూ మాటలు పట్టించుకోలేదు, ఎవరి గురించో రాస్తున్నాడనుకున్నాం, అని. రోజూ పక్కన నిలబడి వాయించేవాళ్ళ సంగతి ఇది.

ఈ బృందంలో రెండు ఏర్పాట్లున్నాయి. పాట ఎవరు మొదలుపెట్టినా కర్తలుగా నలుగురి పేర్లూ సమానంగా వేసేవారు. నలుగురిలో ఎవరు పోయినా ఆ పేరు ఇక వాడకూడదన్నది ముందే అనుకున్న మాట. ఆ మాట ప్రకారం ముగ్గురూ పాత పేరు వదిలేసి న్యూ ఆర్డర్ అయ్యారు. (కొత్త పేరు మీద కూడా అదే అభ్యంతరం వచ్చింది. పేర్ల విషయంలో వీళ్ళు పాఠం నేర్చుకున్నవాళ్ళు కారు.) అమ్ముడుపోతున్న పేరును, అదీ గాయకుడి మరణంతో గిరాకీ మరింత పెరిగిన పేరును, వదిలేయడం ఆ వ్యాపారంలో చిన్న విషయం కాదు.

కర్టిస్ పోయిన తరవాత అతను చేస్తూ వచ్చిన పని ఏమిటో వాళ్ళకు తెలిసింది. పాడేవాడు పోయాడని అందరికీ కనబడుతోంది. మాటలు రాసేవాడు పోయాడని వాళ్ళకు తెలుసు. చివరిసారి కట్టిన పాటల్లో ఒకదాని మాటలు కాగితం మీద కూడా లేవు. రిహార్సలు టేపు మీద వాద్యాల హోరు కింద నలిగిపోయిన గొంతును యంత్రంతో వడగట్టి, వినబడినంత రాసుకున్నారు. 1981లో వచ్చిన న్యూ ఆర్డర్ మొదటి రికార్డు అది. అయితే ఇవి రెండూ గాక మూడవ పని ఒకటుంది. హుక్ తరవాతి కాలంలో పలుసార్లు చెప్పిన సంగతి ఇది. రిహార్సలు గదిలో ముగ్గురూ తోచినట్టు వాయిస్తూ వుంటే కర్టిస్ వూరికే కూర్చుని వినేవాడు. ఎక్కడో ఒకచోట చెయ్యెత్తి, అది బావుంది, మళ్ళీ వాయించండి అనేవాడు. ఆ ముక్క చుట్టూ పాట తయారయ్యేది. వాయించేవాళ్ళకు తాము ఏం వాయించామో గుర్తు వుండేది కాదు. అంటే ఆ బృందంలో కర్టిస్ గొంతు మాత్రమే కాదు, చెవి కూడా. ఆ పనికి పేరు లేదు, రికార్డు మీద దానికొక గీత లేదు. పత్రికల్లో సంపాదకుడు చేసే పని ఇదే కదా. రాతప్రతిలో ఎక్కడ ప్రాణముందో వేలుపెట్టి చూపించేవాడు పోయిన తరవాత గాని అతనొకడున్నాడని రచయితలకు తెలియదు.

గొంతుకు ప్రత్యామ్నాయం వెతకడం కన్న చెవికి ప్రత్యామ్నాయం వెతకడం కష్టమైంది. ముగ్గురూ తలా కొంత పాడి చూశారు. చివరికి సమ్నర్ మీద పడింది. 1980 అక్టోబరులో గిలియన్ గిల్బర్ట్ చేరింది, కీబోర్డుకూ గిటారుకూ. బయటి నుంచి మరో గాయకుణ్ణి తెచ్చుకోలేదు. 1981 చివర వచ్చిన మొదటి ఆల్బం నిజానికి బలహీనం. సమ్నర్ తనది కాని గొంతుతో పాడుతున్నట్టు వుంటుంది, పోయినవాడి నీడలో నిలబడి వాయిస్తున్నట్టు వుంటుంది. మార్పు ఇంకోచోట నుంచి వచ్చింది. సమ్నర్ కు పాడుతూ గిటారు వాయించడం చేతనయ్యేది కాదు. పాడుతున్నంతసేపూ గిటారు ఆగిపోయేది. ఆ ఖాళీ నింపడానికి కీబోర్డులూ యంత్రాలూ కావలసి వచ్చాయి. అదే సమయంలో న్యూయార్కు నృత్యశాలల్లో యంత్రాలతో చేసిన సంగీతం వాళ్ళ చెవిన పడింది. 1983 మార్చిలో 'బ్లూ మండే' వచ్చింది. ఏడు నిమిషాలకు పైబడిన రచన, డ్రమ్ముల యంత్రం మీద నడిచేది. పన్నెండంగుళాల సింగిల్ రికార్డులలో అంతగా అమ్ముడైనది మరొకటి లేదంటారు. చేతకానితనం నుంచి రూపం పుట్టిందంటే అతిశయోక్తి అనుకుంటారు గాని ఇక్కడ జరిగింది అదే. పింక్ ఫ్లాయిడ్ చిన్న పాట రాయలేక పెద్ద పాట కట్టినట్టే, వీళ్ళు పాడుతూ వాయించలేక యంత్రాన్ని పిలిచారు.

ఏసీ డీసీ సంగతి వేరు. ఆస్ట్రేలియాలో మాల్కమ్ యంగ్, ఆంగస్ యంగ్ అన్నదమ్ములు పెట్టిన బృందం. గాయకుడు బాన్ స్కాట్ 1980 ఫిబ్రవరి 19న లండన్ లో చనిపోయాడు. ఏప్రిల్ కల్లా ఇంగ్లండు నుంచి బ్రయన్ జాన్సన్ వచ్చాడు, జులైకల్లా 'బ్యాక్ ఇన్ బ్లాక్' ఆల్బం వచ్చింది. ప్రపంచంలో అత్యధికంగా అమ్ముడైన ఆల్బంలలో అది ఒకటి. సంతాపానికి నల్లటి అట్ట, మొదట్లో గంట మోత. సంగీతం మాత్రం మారలేదు. ఎందుకు మారలేదు? సంగీతం అన్నదమ్ములది. గాయకుడు, బేస్, డ్రమ్ములు అందులో పదవులు. స్కాట్ కూడా ఆ పదవిలో రెండవవాడే. సమష్టి కన్న కుటుంబ వ్యాపారం మరణాన్ని సులువుగా తట్టుకుంటుందన్న మాట. నాకు ఇష్టం లేకపోయినా ఒప్పుకోక తప్పని సంగతి ఇది. ఇక్కడ అసలు లోటు 2014లో మతిమరుపు జబ్బుతో మాల్కమ్ తప్పుకున్నప్పుడు వచ్చింది. అతని చోటులో కూడా కుటుంబంలోని వాడినే, అన్న కొడుకునే కూర్చోబెట్టారు. 2017లో మాల్కమ్ చనిపోయాడు. 2020 నాటి ఆల్బంలో అన్ని పాటలకూ కర్తలుగా ఆంగస్ పేరూ, చనిపోయిన అన్న పేరూ వున్నాయి. ఇద్దరూ కలిసి కట్టి దాచుకున్న ముక్కల నుంచి చేసినవి అవి.

జెనిసిస్ బృందం నుంచి 1975లో పీటర్ గేబ్రియల్ వెళ్ళిపోతే ఎందరో గాయకుల్ని పరీక్షించి, చివరికి వెనక కూర్చుని డ్రమ్ములు వాయించే ఫిల్ కాలిన్స్ చేతనే పాడించారు. 1980 సెప్టెంబరులో డ్రమ్ముల కళాకారుడు జాన్ బానమ్ పోతే లెడ్ జెపెలిన్ డిసెంబరులో ఒక ప్రకటన ఇచ్చి ఆగిపోయింది. డ్రమ్ములవాడు పోతే మరొకడు దొరకడా అన్నవాళ్ళు ఆ సంగీతం విననివాళ్ళు.

కొత్తగా వచ్చినవాడి వైపు నుంచి ఎవరూ రాయరు. మెటాలికా బృందం బేస్ కళాకారుడు క్లిఫ్ బర్టన్ 1986 సెప్టెంబరు 27న స్వీడన్ లో బస్సు బోల్తాపడి చనిపోయాడు. అతని స్థానంలో జేసన్ న్యూస్టెడ్ చేరాడు. 1988లో వచ్చిన ఆల్బంలో బేస్ దాదాపు వినబడదు. న్యూస్టెడ్ వాయించాడు, రికార్డయింది. ధ్వనులు కలిపేటప్పుడు దాన్ని తగ్గించేశారు. పోయినవాడి మీద దుఃఖం వచ్చినవాడి మీద కక్షగా మారింది. ఆ ఆల్బం వింటే ఒక మనిషి వుండీ లేకపోవడం అక్షరాలా చెవికి తెలుస్తుంది. న్యూస్టెడ్ పద్నాలుగేళ్ళకు పైగా పనిచేసి 2001లో వెళ్ళిపోయాడు.

పేరు సంగతి మిగిలింది. అమెరికాలో ద డోర్స్ బృందం గాయకుడు జిమ్ మారిసన్ 1971 జులైలో చనిపోయాక మిగిలిన ముగ్గురూ రెండు ఆల్బంలు చేసి 1973లో విడిపోయారు. ముప్పయ్యేళ్ళ తరవాత ఇద్దరు ఆ పేరును కొద్దిగా మార్చి కచేరీలు మొదలుపెడితే, మూడవవాడైన జాన్ డెన్స్ మోర్ కోర్టుకు వెళ్ళి 2005లో గెలిచాడు. నలుగురిలో ఎవరు వద్దన్నా ఆగిపోవాలన్న పాత ఒడంబడిక మీద అతను నిలబడ్డాడు. న్యూ ఆర్డర్ కూడా దీన్ని తప్పించుకోలేదు. 2007లో హుక్ విడిపోయాడు, 2011లో మిగిలినవాళ్ళు అతను లేకుండా పేరుతో సహా మళ్ళీ మొదలుపెట్టారు. వ్యాజ్యం 2017 దాకా సాగి రాజీ అయింది. చనిపోయిన స్నేహితుడి కోసం పేరు వదులుకున్నవాళ్ళు బతికున్న స్నేహితుడి కోసం వదులుకోలేకపోయారు.

పింక్ ఫ్లాయిడ్ లో ఈ తగాదా అన్నిటికన్న పెద్దది. బారెట్ పోయాక క్రమంగా మాటలన్నీ, తరవాత సంగీతం కూడా వాటర్స్ చేతిలోకి వచ్చాయి. 1979లో 'ద వాల్' ఆల్బం పనిలో రిచర్డ్ రైట్ ని భాగస్వామ్యం నుంచి తప్పించారు. ప్రదర్శనలలో మాత్రం జీతానికి వాయించమన్నారు. 1980, 81లలో జరిగిన ఆ ప్రదర్శనలకు వేదిక మీద గోడ కట్టి కూల్చే ఖర్చు విపరీతం. భాగస్వాములు ముగ్గురికీ నష్టం వచ్చింది. ఆ ప్రదర్శనల నుంచి డబ్బు ఇంటికి తీసుకువెళ్ళినవాడు జీతగాడు ఒక్కడే. 1985లో వాటర్స్ వెళ్ళిపోయి, నేను లేకపోతే పింక్ ఫ్లాయిడ్ లేదంటూ మరుసటి ఏడు కోర్టుకెక్కాడు. 1968లో బారెట్ విషయంలో జెనర్, కింగ్ చేసిన వాదన అదే. పద్దెనిమిదేళ్ళ కిందట ఆ వాదనను తప్పని రుజువు చేసినవాళ్ళలో ముఖ్యుడు వాటర్సే. 1987 చివర రాజీ కుదిరింది, పేరు గిల్మోర్, మేసన్ లకు దక్కింది. రైట్ మళ్ళీ వచ్చాడు, మొదట జీతానికే, ఆ తరవాత సభ్యుడిగా. 2008లో చనిపోయాడు. 2014లో పింక్ ఫ్లాయిడ్ పేరుతో వచ్చిన ఆల్బం దాదాపు అంతా వాద్య సంగీతమే. 1993లో గిల్మోర్, మేసన్, రైట్ ఒక గదిలో కూర్చుని వాయించి, వాడుకోకుండా పక్కన పెట్టేసిన టేపుల నుంచి తీసి పేర్చినది. చాలా రచనలకు కర్తలలో ఒకరుగా రైట్ పేరు వేశారు.